లైను మీద ఇద్దరు

మేడ మీది గది,
వానలు మొదలైన వారం

అత్తకు,

నువ్వు సర్వీసు విభాగానికి హెడ్డయ్యావని నాన్న కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ నీ కుర్చీ ఇంకొంచెం ఎత్తు పెరుగుతోంది. నాకూ సంతోషమే. కాకపోతే అది ఒక పూటే నిలిచింది. రెండో పూట నీ సర్క్యులర్ వచ్చింది.

ఫోన్ చేద్దామంటే, "ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, మధ్యలో మా అన్నయ్య నలిగిపోతాడు. ఆఫీసు గొడవేదన్నా ఉంటే కాగితం మీద రాసి ఇంటికి పంపు" అన్నావు. సరే. కాగితం మీద అరవడం కూడా నాకు వచ్చు.

అసలు మా పనేమిటో నీకు తెలుసా? నీ దాకా వచ్చేసరికి అది 'కాల్స్' అయిపోతుంది. ఇక్కడ అది మనిషి. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. లోపలి మనిషి అలారం బటన్ నొక్కుతాడు. మా ఇళ్ళలో, మా తెరల మీద ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది. ఎవరు తీసుకుంటే వాళ్ళ పేరు మీద అది పచ్చగా మారుతుంది. అవసరమైతే ఇంకొకరు కూడా ఆ లైనులోకి రావచ్చు. మెకానిక్కు వచ్చి తలుపు తెరిచేదాకా ఆ మనిషికి దిక్కు మా గొంతే. "ఇంకెంతసేపండీ?" అని అడిగితే అబద్ధం చెప్పం. "తెలీదండీ. మెకానిక్కు బయల్దేరాడు. అప్పటిదాకా నేను మీతోనే ఉంటాను" అంటాం. అన్నాక ఉంటాం.

ఆరు ఊళ్ళలో ఆరుగురం. ఒకరినొకరం చూసుకున్నది లేదు. కంచు అని ఒకడున్నాడు, వాడు మాట్లాడితే ఆగిన లిఫ్టు దానంతటదే కదులుతుందేమో అనిపిస్తుంది. నిదానం అని ఒకావిడ, ఆవిడ "నమస్కారం" అనేలోపు మెకానిక్కు వచ్చేస్తాడు. అందరికంటే పెద్దావిడ స్టేషనక్కయ్య. రైల్వే స్టేషన్లో ఏళ్ళ తరబడి బళ్ళ రాకపోకలు చదివిన గొంతు. మాకందరికీ పని నేర్పింది ఆవిడే. నా మొదటి కాల్లో లోపల ఇరుక్కున్నాయన నింపాదిగానే ఉన్నాడు, నాకే ఊపిరాడలేదు. ఆవిడ మెల్లగా లైనులోకి వచ్చి, ముందు నన్ను కుదుటపరిచి, తర్వాత ఆయన్ని పలకరించింది.

ఇలాంటి జట్టుకి నీ ఆజ్ఞ ఏమిటి? గురువారం పొద్దున మీటింగు. అందరూ మొహాలు చూపించాలి. ఆ గంటసేపూ వంతు ప్రకారం ఒక్కరే లైను మీద ఉండాలి. అత్తా, మేము గొంతుతో బతికేవాళ్ళం. మా మొహాలు నీకెందుకు? మొన్న కొన్న ఒక చిన్న పుస్తకంలో సరిగ్గా ఇదే రాశారు: కనబడని పనివాణ్ణి నమ్మలేని యజమాని, కనబడ్డాక కూడా నమ్మడు.

నువ్వు నా అత్తవని టీములో ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా.

నీ మేనల్లుడు


నా బాల్కనీ,
బట్టలు ఆరని రోజు

చిటపటకు,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రానిగ్గానీ చల్లారలేదు, అప్పుడు చదివాను.

నీ చిన్న పుస్తకాలు రాసేవాళ్ళు ఒక్కసారి నా గదిలో కూర్చుంటే బాగుండును. చుట్టూ అద్దాలు. అద్దాల అవతల ఖాళీ కుర్చీలు. నా ముందున్నాయన వెళుతూ వెళుతూ నాకో గ్రాఫు అప్పజెప్పాడు. అందులో ఆరు గీతలు, ఆరు రంగులు. ఆ రంగులే మీరు. నువ్వు నారింజ రంగువి. ఎత్తుకున్న నిన్ను, నామీద పాలు కక్కిన నిన్ను నారింజ రంగు గీతగా చూడటం ఎలా ఉంటుందో ఆలోచించు.

ఆయన మిమ్మల్ని ఏడాదికోసారి పలకరించేవాడట. దాన్ని మీరు స్వేచ్ఛ అనుకున్నారు. నాకది మరిచిపోవడంలా కనిపిస్తోంది. అందుకే మీటింగు పెట్టాను. మనుషుల్ని చూద్దామని. నువ్వు దానికి పోలీసు టోపీ పెట్టేశావు.

ఒకటి అడుగుతాను. గ్రాఫులో ఒక్క గీతే వింతగా ఉంది. స్టేషనక్కయ్య గారు తీసుకున్న కాల్స్ అన్నిట్లోనూ రెండో మనిషి ఉన్నారు. మీ అయిదుగురిలో ఎవరో ఒకరు. మిగతావాళ్ళ లైన్లలో అలా లేదు. ఎందుకు? ఏదైనా ఇబ్బంది ఉంటే నాకు తెలియాలి కదా.

మన చుట్టరికం గురించి నువ్వు బెంగపెట్టుకోకు. అది నా పని.

వేళకి తిను. కోపంతో కడుపు నిండదు.

అత్త


మేడ మీది గది,
తొలకరి వెలిశాక

అత్తకు,

స్టేషనక్కయ్య లైనులోకి ఎందుకు వెళతామంటావా? నేర్చుకోవడానికి. అంతే. గురువు దగ్గర కూర్చోవడం కూడా నేరమయితే చెప్పు, మానేస్తాం. గ్రాఫుల్లో వింతలు వెతకడం మొదలుపెడితే ప్రతి మనిషీ వింతగానే కనిపిస్తాడు.

ఇంకో సంగతి. ఇది మా జట్టు సంగతి కాదు. అసలు కాదు. ముమ్మాటికీ కాదు. నా స్నేహితుడొకడు వేరే కంపెనీలో ఇలాంటి పనే చేస్తున్నాడు. వాళ్ళలో ఒక పెద్దావిడకి ఈమధ్య చెవులు మందగించాయట. గట్టి మాట వినపడుతుంది, సన్నగా, గొంతు తగ్గించి మాట్లాడితే జారిపోతుంది. పనిలో మాత్రం ఆవిడ్ని మించినవాళ్ళు లేరు. ఒంటరి మనిషి. ఆ హెడ్‌సెట్టు తీసేస్తే ఆవిడ ఇంట్లో రోజంతా ఇంకో గొంతు ఉండదు. అందుకని మిగతావాళ్ళు ఎవరో ఒకరు ఆవిడ లైనులో చెవి పెట్టి ఉంటారట. ఆవిడకి అందని మాటని తెర మీద రాసి చూపిస్తారట. ఇంతవరకూ ఏ ఒక్కరికీ ఏ లోటూ జరగలేదట.

ఇలాంటివి పై అధికారికి చెబితే ఏమవుతుందని వాడు నన్నడిగాడు. నాకు తెలిసిన ఒకే ఒక్క పై అధికారివి నువ్వు. ఊరికే అడుగుతున్నాను.

నీ మేనల్లుడు


హెడ్డాఫీసు, అద్దాల గది

చిటపటకు,

ఇంటికి వెళ్ళి రాసే తీరిక లేదు, ఇక్కణ్ణుంచే రాస్తున్నాను. కోపం తెచ్చుకోకు.

నీ స్నేహితుడి కంపెనీలో జరుగుతున్నది తప్పు. వినపడని మనిషిని లైను మీద ఉంచకూడదు. అవతల ఉన్నది ప్రాణం. ఆవిణ్ణి వెంటనే లైను మీద నుంచి తప్పించాలి. దాచిపెట్టినవాళ్ళ మీద కూడా చర్య తీసుకోవాలి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. నీ స్నేహితుడికి అదే చెప్పు.

మన సంగతికొస్తే, ఒకే కాల్లో ఇద్దరుండటం వృథా అని పైన అన్నారు. నేర్చుకోవడానికేనని నువ్వే రాశావు, నేర్చుకున్నది చాలు. సోమవారం నుంచి రెండో మనిషి లైనులోకి వచ్చే వీలు తీసేస్తున్నాం. మరీ అవసరమైతే హెడ్డాఫీసు నుంచి తెరవచ్చు.

వచ్చే గురువారం మీటింగుకి ఎండీ గారు కూడా వస్తున్నారు. ఇప్పటిదాకా జరిగినవాటిలో మీ ఆరుగురూ కలిసి పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. మీవాళ్ళని కాస్త నోరు విప్పమను నాయనా. నీకు పుణ్యముంటుంది.

అత్త


మేడ మీది గది,
ఆదివారం

గౌరవనీయులైన సర్వీసు విభాగాధిపతి గారికి,

తమరి ఉత్తరం అందినది. నా స్నేహితుడికి తమరి సమాధానం చెప్పాను. "ఇందుకే ఎవరూ మీలాంటివాళ్ళకి ఏదీ చెప్పరు" అన్నాడు. తమరికి తెలియజేయమన్నాడు.

వచ్చే గురువారం లైను మీద ఉండే వంతు స్టేషనక్కయ్య గారిదని హెడ్డాఫీసు చార్టులో చూశాం. ఆ వంతు తాను తీసుకుంటానని నిదానం గారు అడిగారు. కారణం రాసి పంపమని జవాబొచ్చింది. కారణం ఏమీ లేదు కాబట్టి పంపలేదు.

గురువారం మా మొహాలు తమరికి తప్పకుండా కనబడతాయి. మొహాలు కావాలన్నారు కదా. మొహాలే ఉంటాయి.

ఇట్లు,
నారింజ రంగు గీత


మేడ మీది గది,
గురువారం సాయంత్రం

అత్తా,

ఈ ఉత్తరం నువ్వు చదవకుండా చించేసినా నాకు అడిగే హక్కు లేదు. కానీ నువ్వు ఆ గదిలో ఉన్నావు, నేను ఈ గదిలో ఉన్నాను. ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి.

మౌనం నా ఆలోచనే. మిగతావాళ్ళు కాదంటున్నా ఒప్పించాను. మైకులు ఆపేసి, మొహాలు పెట్టుకుని, గోడకి కొట్టిన పటాల్లా కూర్చుందామన్నాను. "ఇది మన ఆయుధం" అన్నాను. కంచు అయితే, "నేను నోరు మూసుకుని కూర్చుంటే నా మొహమొక్కటే చూసి ఎవరికీ భయం వెయ్యదురా" అన్నాడు. వినలేదు. స్టేషనక్కయ్యని ఒంటరిగా లైను మీద వదిలేయడం తెలిసే చేశాం. గంటసేపట్లో ఏం కాల్ వస్తుందిలే అనుకున్నాం. వచ్చినా గట్టిగా మాట్లాడేవాళ్ళే అయ్యుంటారనుకున్నాం. అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

నువ్వు గ్రాఫు చూపిస్తూ మాట్లాడుతున్నావు. ఎండీ గారు నీ పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. మేం అయిదుగురం కన్నార్పకుండా చూస్తున్నాం. నాకు చాలా గొప్పగా ఉంది, నిజం చెబుతున్నాను. అప్పుడు నా తెర మూల ఎర్ర చుక్క వెలిగింది. వెంటనే పచ్చబడింది. స్టేషనక్కయ్య తీసుకుంది.

లోపలి మనిషి మాట్లాడితే ఆ చుక్క పక్కన ఒక గీత ఎగిరెగిరి పడుతుంది. ఆ గీత ఎగరలేదు. సన్నగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు. అంటే ఆవిడకి ఒక్క ముక్క కూడా అందదు. లైనులోకి వెళదామని నొక్కాను. తెరుచుకోలేదు, సోమవారమే తీసేశారు కదా. మిగతా నలుగురి కళ్ళూ తెర మూలకే తిరిగాయి. ఎవరూ నోరు మెదపలేదు. నేనే వద్దన్నాను కాబట్టి మెదపలేదు. అందరూ నావైపు చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

చెబితే ఆవిడ ఉద్యోగం పోతుంది, నువ్వే రాశావు. చెప్పకపోతే లోపలున్న మనిషి ఏమవుతాడో తెలీదు. ఆ రెంటి మధ్యా నేను కూర్చున్నాను అత్తా. నా చిన్న పుస్తకాలు ఒక్కటి కూడా అప్పుడు గుర్తు రాలేదు.

గీత మళ్ళీ వణికింది. అంతే, మైకు తెరిచి, "అత్తా! అక్కయ్యకి వినపడదు! ఆ లైను తెరిపించు అత్తా!" అని అరిచాను. కింద వీధిలో పోతున్నవాళ్ళు కూడా తలెత్తి చూసి ఉంటారు.

తర్వాతది నీకూ తెలుసు. నువ్వు "ఎందుకు" అనలేదు. "ఎవరికి వినపడదు" అనలేదు. పక్కకి తిరిగి, "తెరవండి, అందరికీ తెరవండి" అన్నావు. లైను తెరుచుకుంది. అందరం ఒక్కసారే లోపల పడ్డాం.

ఆవిడ గొంతు వినిపించింది. రైలు ఆలస్యమని చెప్పే గొంతు, తొందర లేదు, తొణుకు లేదు. "మీరు మాట్లాడుతున్నారని నాకు తెలుస్తోందండీ. మాట అందడం లేదు. తప్పు మీది కాదు, నా చెవులు కాస్త మందం. భయపడకండి, నేనెక్కడికీ పోను. తలుపు మీద వేలితో కొట్టండి, అది నాకు బాగా వినపడుతుంది. అవునంటే ఒకసారి. కాదంటే రెండుసార్లు. ఒంట్లో బాగానే ఉందా?"

టక్.

"ఒక్కరేనా?"

టక్.

"నేనిలా విసిగిస్తుంటే మీకు కోపంగా ఉందా?"

టక్. టక్.

అత్తా, మేమంతా కలిసి నెలల తరబడి దాచిన సంగతిని ఆవిడ ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంత మామూలుగా చెప్పేసింది. నేను మాట్లాడదామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. అక్కడ నాతో పనేముంది? మెకానిక్కు వెళ్ళి తలుపు తెరిచేదాకా ఆ టక్కులు వింటూనే ఉన్నాం. లోపలాయనకి గొంతు ఆపరేషనయిందట, గట్టిగా మాట్లాడొద్దన్నారట. నవ్వుకుంటూ బయటికొచ్చాడని మెకానిక్కు చెప్పినప్పుడు కంచు గట్టిగా ఏడ్చేశాడు. వాడు ఏడిస్తే ఎలా ఉంటుందో నువ్వూ విన్నావు.

ఆ మనిషి క్షేమం. అక్కడికి ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఎండీ గారి ముందు నిన్ను అత్తా అన్నాను. అక్కయ్య గుట్టు బయటపెట్టాను. ఒకేసారి ఇద్దరి కొంపా ముంచాను. నన్ను తీసేయ్. రాజీనామా రాసి పెట్టాను. ఆవిణ్ణి మాత్రం తీసేయకు.

నీ మేనల్లుడు


నా బాల్కనీ,
ఎండ కాసిన ఆదివారం

ఒరేయ్ చిటపటా,

నీ రాజీనామా నీ దగ్గరే ఉంచుకో. వెనక కాగితం ఖాళీగా ఉంటుంది, ఏ కరపత్రమో రాసుకోవచ్చు.

ముందు నవ్వొచ్చేది చెబుతాను. లైను మూసేశాం. ఎండీ గారు నావైపు తిరిగి, "మీ మేనల్లుడా?" అన్నారు. "ఈ పదవి తీసుకున్న రోజే చెప్పాను కదండీ, వాడి జీతం, ప్రమోషన్ల జోలికి నేను రానని రాసి కూడా ఇచ్చాను" అన్నాను. "చెప్పారు. గొంతు ఇంత గట్టిదని చెప్పలేదు" అన్నారు. నా కొంప మునగలేదు. మునిగినా ఈత వచ్చు.

ఇక నవ్వు రానిది. అరిచినందుకు నిన్ను మెచ్చుకుంటానని చూస్తున్నావేమో. మెచ్చుకుంటాను. అరవకముందు ఆగినందుకు మాత్రం కాదు. చుక్క వెలిగినప్పటి నుంచీ నీ మొహం నా ఎదురుగానే ఉంది. పెదవి కొరుక్కుంటున్నావు. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఏడవకూడదనుకున్నప్పుడు అలాగే కొరుక్కునేవాడివి. చూస్తూ చూస్తూ, "వీడికి నామీద ఇంకా కోపం తగ్గలేదు" అనుకుని గ్రాఫు చెప్పుకుంటూ పోయాను. మొహాలు చూస్తే ఏం తెలుస్తుందని అడిగావు కదా. నాకేం తెలిసిందో చూశావుగా.

జట్టుకి కోపం రావడం ఒకెత్తు. నీమాట మీద నలుగురు నోరు మూసుకున్నారే, అది ఇంకొకెత్తు. వాళ్ళకి భయం వేసినప్పుడు నాకు చెప్పలేకపోయారు, సరే. నీకూ చెప్పలేకపోయారు. వాళ్ళకి నువ్వూ ఒక పై అధికారివే అయ్యావురా. కుర్చీ లేదంతే.

నీ స్నేహితుడి కంపెనీ కథ నాకు సగం అర్థమయింది. నువ్వు అబద్ధమాడితే మూడుసార్లు "కాదు" అంటావు, పుట్టినప్పటి నుంచీ అంతే. మిగతా సగం అడిగితే తెలిసేది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సింది నేను. అందుకే అడగకుండా రూలు రాసి పంపాను. దూరాన ఉన్నవాళ్ళ గురించి రూలు రాయడం సులువు. ఎదురుగా కూర్చుని అదే మాట అనడం ఎంత కష్టమో శుక్రవారం తెలిసింది.

ఎందుకంటే శుక్రవారం బస్సెక్కి స్టేషనక్కయ్య గారింటికి వెళ్ళాను. ముందే చెప్పి, ఆవిడ రమ్మన్నాకే వెళ్ళాను. ఒక్కటే గది. కిటికీ పక్కన బల్ల. బల్ల మీద తెర, హెడ్‌సెట్టు. పక్కన ఒక కుర్చీకి గచ్చు మీద కీచుమనకుండా కాళ్ళకి గుడ్డలు కట్టి ఉన్నాయి. లోపల ఇరుక్కున్నవాళ్ళకి చప్పుడు వినబడి ఉలిక్కిపడకూడదని కట్టిందట.

ఆవిడ నన్ను కూర్చోనివ్వకముందే, "తీసేస్తారామ్మా?" అంది.

"ఇంకా తెలీదండీ. తెలీకుండా తెలుసని చెప్పను" అన్నాను. మీ మాటే వాడుకున్నాను. ఆవిడ మొహం కాస్త తేటపడింది.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని అడిగాను. "వెళితే ఆయన కాగితం ఇస్తాడు. కాగితం ఇస్తే అది నిజమైపోతుంది" అంది. పనికి ఏం కావాలని అడిగాను. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ ఆవిణ్ణి అడగలేదట, ఆలోచించుకోవడానికి టైమిమ్మంది. నేను కాఫీ తాగేదాకా ఆలోచించి, "ఇంకో చెవి కావాలమ్మా. పిల్లలు ఇస్తూనే ఉన్నారు. దొంగతనంగా ఇస్తుంటే తీసుకోవడానికి సిగ్గుగా ఉంటోంది" అంది.

నేను సగం నువ్వు రాసినవాటితో, సగం నా సొంత కోపంతో ఎండీ గారి దగ్గర వాదించాను. ఇదీ తేలింది. ఆవిడ చెవుల డాక్టరుకి చూపించుకుంటుంది. లైనులో మాట సరాసరి చెవిలోకి వచ్చే మిషను ఒకటుందట, అది కంపెనీ ఇస్తుంది. దానికి ఆవిడ అలవాటు పడేదాకా రెండో మనిషి లైనులో ఉంటారు, చార్టులో పేరుతో సహా. మూడు నెలలు చూస్తారు. డాక్టరూ, ఆవిడా సరేనంటే ఒంటరిగా ఉంటుంది. లేదంటే లైను మీద నుంచి తప్పుకోవాలి. ఆ మాట మీద ఎండీ గారు గట్టిగా ఉన్నారు. నేనూ ఒప్పుకున్నాను. లోపలి మనిషి కోసం ఒప్పుకోవాలి, నువ్వూ ఒప్పుకో.

గురువారం మీటింగు మానను. మార్చమంటే మారుస్తాను. ఎలాగో చెప్పు. అరవకుండా.

అత్త


మేడ మీది గది,
చలి మొదలైంది

అత్తకు,

ఉత్తరం రాసి చాలా రోజులైంది. రాయాల్సినంత కోపం రాలేదు.

మీటింగు గురించి కంచు నిన్న ఒక మాటన్నాడు. "మొదట్లో ఆవిడ మనల్ని ఎలా ఉన్నారని అడిగేది, మనం బాగున్నామనేవాళ్ళం. ఇప్పుడు ఆవిడే ముందు తన గోడు చెబుతుంది, మనం జాలిపడాల్సొస్తోంది" అన్నాడు. నువ్వు ఆ వారం చేసిన తప్పు చెప్పి మొదలుపెట్టడం వాడికి భలే నచ్చింది. ఎవరి ఇంటికి ఎప్పుడు వస్తావని లెక్కలు వేసుకుంటున్నారు. నిదానం గారింటికి వెళ్ళినప్పుడు ఆవిడ "లోపలికి రండి" అనేదాకా నువ్వు గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డావో ఆవిడే చెప్పుకుని నవ్వుతోంది. మొహాలు చూపించాలన్న నియమం తీసేశావు కదా, ఇప్పుడు అందరూ వాళ్ళంతట వాళ్ళే చూపిస్తున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. నేను చూపించడం లేదు. అప్పుడప్పుడు చూపిస్తున్నాను.

మా పనేమిటో చూద్దామని నువ్వు లైను మీద కూర్చున్న రోజు సంగతి కూడా ఇక్కడ కథలు కథలుగా చెప్పుకుంటున్నారు. లోపలాయన "ఇంకెంతసేపు" అనగానే "అయిదు నిమిషాలండీ" అన్నావు. అన్నాక మెకానిక్కు వచ్చేదాకా అరగంటసేపు నీకు చెమటలు పట్టాయి. ఎండీ గారికి అయిదు నిమిషాలని చెప్పీ చెప్పీ అలవాటైపోయిందని స్టేషనక్కయ్య అంది. నేననలేదు.

నువ్వు ఇవాళ తన ఊరికి రైల్లో వస్తున్నావని కంచు చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం నీ ఇంటికే రాస్తున్నాను, నువ్వు తిరిగి వచ్చేసరికి నీ గుమ్మంలో ఉంటుంది. ఈ సంగతి ఇంకెవరూ నీకు నాకంటే ముందు చెప్పకూడదు. కంచుకి కూడా వద్దని చెప్పాను. వాడు ఆగుతాడో లేదో తెలీదు.

డాక్టరు పోయిన వారమే సరేనన్నాడు. స్టేషనక్కయ్య మాత్రం ఒప్పుకోలేదు. "ఆయన గదిలో లిఫ్టు లేదు" అంది. ఇంకో వారం రెండో మనిషిని ఉంచుకుంది. కావాలని మా అందరి చేతా గొంతు తగ్గించి మాట్లాడించి పరీక్ష పెట్టించుకుంది. కంచుకి గుసగుసలాడటం రాక వాడొక్కడే ఫెయిలయ్యాడు. చివరికి ఇవాళ పొద్దున, "ఇక చాలర్రా, నేనొక్కదాన్నే ఉంటాను" అంది.

చార్టులోంచి నా పేరు తీసేశారు. లేకపోతే ఇవాళ రెండో చెవి వంతు నాదే అయ్యుండేది. తీసేస్తే సంతోషించాల్సింది పోయి ఆ చార్టే పదిసార్లు తెరిచి చూశాను. మైకుకి దూరంగా జరిగి కూర్చున్నాను. మిగతావాళ్ళ పరిస్థితీ అంతే. నిదానం గారు ఇంట్లో పనులన్నీ మానేసి తెర ముందే కూర్చుందట.

మధ్యాహ్నం ఎర్ర చుక్క వెలిగింది. వెలిగీ వెలగకముందే పచ్చబడింది. అక్కయ్య పేరు వచ్చింది. లోపలి గీత వణికింది. సన్నగా. ఆరోజు వణికినట్టే. లైను తెరిచే ఉంది అత్తా, నొక్కితే చాలు లోపలికి వెళ్ళిపోతాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే. అయిదుగురిలో ఒక్కరు కూడా వెళ్ళలేదు. గీత వణుకుతోంది, ఆగుతోంది, వణుకుతోంది. అక్కయ్య గీత దాని మీద నింపాదిగా నడుస్తోంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో మాకు తెలీదు. జీవితంలో మొదటిసారి నాకు తెలియని సంగతి గురించి నోరు మూసుకుని కూర్చున్నాను.

చుక్క ఆరిపోయింది. కాల్ ముగిసింది. తొడల కింద నుంచి చేతులు తీశాను.

కాసేపటికి అక్కయ్యే మా అందరి లైనులోకి వచ్చింది. "ఎంతమంది విన్నారర్రా?" అంది.

"ఎవరం వినలేదక్కా" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు. ఎవరం లోపలికే రాలేదు."

"కంచూ, నువ్వు?"

"నేను వంటింట్లోకి పారిపోయానక్కా" అన్నాడు వాడు, పైకప్పు ఎగిరిపోయేలా.

  అవతల ఆవిడ గుడ్డలు కట్టిన కుర్చీని మెత్తగా ముందుకు జరుపుకున్న అలికిడి, గొంతు సవరించుకున్న అలికిడి వినిపించాయి.

"మరయితే ఏం జరిగిందో మీకెవరికీ తెలీదన్నమాట. నేనే చెప్పాలన్నమాట" అంది. "సరే వినండి. ఒకమ్మాయి. పాటల పరీక్షకి పోతోందట, గొంతు పాడవుతుందని పెదవి కదిపీ కదపకుండా మాట్లాడుతోంది..."

అని మొదలుపెట్టిందత్తా. స్టేషన్లో మైకు ముందు కూర్చున్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా, అందరికీ అందేలా, ఇంకా చెబుతూనే ఉంది.

నీ మేనల్లుడు